ఫ్లోరిడా 2000: కట్టెల కాటా మీద బంగారం



మాస్టారి పేరిట ఆయన శిష్యులు పెట్టిన ఈ స్మారక సభలో మాట్లాడమన్నప్పుడు మీ కార్యదర్శిగారు రాజ్యాంగం గురించో, ప్రజాస్వామ్య విలువల గురించో అయితే బాగుంటుందన్నారు. మంచి విషయాలే. కానీ మాస్టారు పౌరశాస్త్రం పాఠం ఏనాడూ పీఠికతో మొదలుపెట్టలేదు. పోలింగ్ కేంద్రంతో మొదలుపెట్టేవారు. ఎన్నికల డ్యూటీ పడిందంటే తోటి ఉపాధ్యాయులు మినహాయింపు కోసం తంటాలు పడుతుంటే, ఆయన ముందురోజు సాయంత్రమే సామగ్రి సంచీ విప్పుకుని బ్యాలెట్ పత్రాల నంబర్లు సరిచూసుకునేవారు. తీసుకున్నవెన్ని, ఓటర్లకు ఇచ్చినవెన్ని, మిగిలినవెన్ని, పాడైనవెన్ని అన్న లెక్క కుదిరేదాకా బూత్ దాటేవారు కాదు. ఓటు వేయడం ఓటరు పని, దాన్ని లెక్కకెక్కించడం మన పని, మొదటిదానికి ఉపన్యాసాలు చాలామంది ఇస్తారు, రెండోదానికి గుమస్తా కావాలి అనేవారు. అందుకని ఇవాళ గుమస్తాల ఎన్నిక ఒకటి మీ ముందు పెడతాను. అది జరిగింది మన దేశంలో కాదు, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, 2000వ సంవత్సరం నవంబరులో. వై2కే పుణ్యమా అని మన ఊళ్ల నుంచి పిల్లలు గుంపులుగా అమెరికా చేరుతున్న రోజులవి. వాళ్లలో చాలామందికి అక్కడ ఓటు లేదు గానీ, ముప్పై ఆరు రోజుల పాటు సాగిన ఆ తగువు మాత్రం టీవీల్లో మనమూ చూశాం, వాళ్లూ చూశారు.

అమెరికా అధ్యక్షుణ్ణి దేశం మొత్తం మీద వచ్చిన ఓట్లను బట్టి ఎన్నుకోరని మీకు తెలుసు. ప్రతి రాష్ట్రానికీ కొన్ని ఎలక్టోరల్ ఓట్లుంటాయి. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడికే ఆ రాష్ట్రపు ఓట్లన్నీ పోతాయి. మొత్తం 538, గెలవడానికి 270 కావాలి. ఆ రాత్రి మిగతా దేశం లెక్క తేలేసరికి డెమోక్రాట్ అభ్యర్థి అల్ గోర్‌కు గానీ, రిపబ్లికన్ జార్జ్ బుష్‌కు గానీ ఫ్లోరిడా లేకుండా 270 చేరే దారి లేకపోయింది. దేశవ్యాప్తంగా గోర్‌కు ఐదు లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. దానితో పని లేదు. ఫ్లోరిడాకున్న 25 ఓట్లు ఎవరివైతే వాళ్లే అధ్యక్షుడు. ఆ ఫ్లోరిడాకు గవర్నరు బుష్ తమ్ముడు జెబ్ బుష్.

ఆ రాత్రి టీవీ వాళ్లు చేసిన గందరగోళం మీద ఎక్కువసేపు నిలవను. ఫ్లోరిడా పశ్చిమ కొస ఒక గంట వెనకున్న కాలమండలంలో ఉంటుంది. అక్కడ ఇంకా పోలింగ్ నడుస్తుండగానే గోర్ గెలిచాడన్నారు. రెండు గంటల తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నారు. తెల్లవారుజామున రెండు దాటాక బుష్ గెలిచాడన్నారు. గోర్ బుష్‌కు ఫోన్ చేసి అభినందించి, ఓటమి ఒప్పుకుంటూ మాట్లాడడానికి నాష్‌విల్‌లో సభాస్థలికి బయల్దేరాడు. దారిలో ఉండగా తేడా కరిగిపోతోందని కబురొచ్చింది. మళ్లీ ఫోన్ చేసి ఒప్పుకోలు వెనక్కి తీసుకున్నాడు. తెల్లారాక కూడితే దాదాపు 60 లక్షల ఓట్లలో తేడా 1,784. అర శాతం కన్నా తక్కువ తేడా ఉంటే యంత్రాల మీద మళ్లీ లెక్కించాలన్నది అక్కడి చట్టం. అలా లెక్కించేసరికి తేడా మూడు వందల చిల్లరకు పడిపోయింది.

ఇక్కడ ఆగి ఒక మాట. అవే ఓటు పత్రాలు, అవే యంత్రాలు. రెండోసారి పెడితే వెయ్యికి పైగా ఓట్లు ఎటో మారాయి. వోలూసియా అనే కౌంటీలో ఒకే ఒక్క బూత్‌లో, 216వ నంబరు బూత్‌లో, గోర్‌కు మైనస్ 16,022 ఓట్లు వచ్చినట్టు కంప్యూటరు చూపించింది. ఒక మనిషికి సున్నా కన్నా తక్కువ ఓట్లు రావడం ఎలాగో ఆ యంత్రాన్నే అడగాలి. మెమరీ కార్డులో వచ్చిన తప్పది, ఆ రాత్రే సరిదిద్దారు. కానీ అసలు విషయం అందులోనే ఉంది. ఆ లెక్కింపు ఏర్పాటు లక్షల తేడాలు పట్టడానికి పనికొచ్చేదే. దానిమీద వందల తేడా తేల్చమనడం కట్టెల అడితిలో కాటా మీద బంగారం తూచమనడమే. కాటా తప్పుడుది కాదు. కట్టెలకు నిక్షేపంగా పనిచేస్తుంది. దానిమీద బంగారం పెట్టి, ముల్లు ఎటు ఊగితే అటు దేశాధ్యక్ష పదవి అన్నారు.

ఇప్పుడా కాటా ఎలా ఉండేదో చూద్దాం.

అమెరికాలో మనకున్నట్టు ఒకే ఎన్నికల సంఘం, ఒకే నమూనా బ్యాలెట్ ఉండవు. ఫ్లోరిడాలో 67 కౌంటీలు. దాదాపు ప్రతిదానికీ ఎన్నికై వచ్చిన ఎన్నికల పర్యవేక్షకుడు ఒకరు. ఓటు పత్రం అచ్చు రూపం, యంత్రం రకం వాళ్ల ఇష్టం. పెద్ద కౌంటీలు చాలావాటిలో వాడింది పంచ్ కార్డు. 1960లలో వచ్చిన వోటోమాటిక్ అనే పెట్టె అది. ఓటరు ఒక దళసరి కార్డును పెట్టెలోకి దూరుస్తాడు. పైన పుస్తకంలా తెరుచుకునే పేజీలుంటాయి, పేజీల నడుమ చిన్న చిన్న రంధ్రాల వరుస ఉంటుంది. అభ్యర్థి పేరు దగ్గర బాణం గుర్తు చూసి, దానికి ఎదురున్న రంధ్రంలో లోహపు పుల్లతో పొడవాలి. కింద కార్డులో నాలుగు మూలలా అంటుకుని ఉండే బుల్లి చదరపు ముక్క రాలి చిల్లు పడాలి. యంత్రం చిల్లులోంచి వచ్చే వెలుతురు చూసి ఓటు లెక్కిస్తుంది. పుల్ల సరిగ్గా దిగకపోతేనో, ముక్క పూర్తిగా ఊడకపోతేనో వెలుతురు రాదు. వెలుతురు రాకపోతే ఆ ఓటు లేనట్టే. ఇదంతా ఓటరు తల వంచుకుని పొడిచి, కార్డు బయటికి తీసి పెట్టెలో వేసి వెళ్లిపోయాక జరిగే పని. తన ఓటు రాలిందో, వేలాడుతోందో తెలుసుకోవాలంటే కార్డు తిప్పి వెనక వైపు వేలితో తడిమి చూసుకోవాలి. ఎంతమంది చూసుకుంటారు?

పామ్ బీచ్ కౌంటీ పర్యవేక్షకురాలు థెరిసా లెపోర్. డెమోక్రాట్. ఆ కౌంటీలో ఉద్యోగ విరమణ చేసి వచ్చి స్థిరపడ్డ ముసలివాళ్లు చాలా ఎక్కువ. పైగా 1998లో ఫ్లోరిడా రాజ్యాంగాన్ని సవరించి చిన్న పార్టీలకు బ్యాలెట్ మీదికి రావడం తేలిక చేశారు. అందువల్ల ఈసారి అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల జంటలే పది. పది పేర్లూ ఒకే పేజీలో పెడితే అక్షరాలు చీమల్లా ఉంటాయని, ముసలివాళ్లకు కనపడవని, ఆవిడ అక్షరాలు పెద్దవి చేసి పేర్లను ఎదురెదురు పేజీల మీదికి పరిచింది. ఎడమ పేజీలో ఆరుగురు, కుడి పేజీలో నలుగురు, నడుమ రంధ్రాలు. తెరిచిన పేజీలు రెక్కల్లా ఉన్నాయని దానికి సీతాకోకచిలుక బ్యాలెట్ అని పేరొచ్చింది.

గవర్నరుది ఏ పార్టీ అయితే ఆ పార్టీ పేరు ముందు ఉండాలని ఫ్లోరిడా చట్టం. కాబట్టి ఎడమ పేజీలో మొదట బుష్, అతని కింద గోర్. కుడి పేజీలో పైన రిఫార్మ్ పార్టీ అభ్యర్థి పాట్ బుకానన్. రంధ్రాల వరుస మాత్రం ఒకటే. మొదటి రంధ్రం బుష్‌ది. రెండోది? ఎడమ పేజీ చూసుకుంటూ వచ్చిన వాడికి రెండో పేరు గోర్, కాబట్టి రెండో రంధ్రం గోర్‌ది అనిపిస్తుంది. కాదు, అది కుడి పేజీ నుంచి బాణం వచ్చిన బుకానన్‌ది. గోర్‌ది మూడోది. బాణం గుర్తులు ఉన్నాయి, నమూనా పత్రం ముందే అందరికీ పంపారు, రెండు పార్టీల వాళ్లూ చూశారు, ఎవరూ నోరెత్తలేదు. వీళ్లందరూ టేబుల్ మీద కాగితం పరుచుకుని తీరిగ్గా చూసినవాళ్లు. ఓటరు చూసేది నిలబడి, ఒక కోణం నుంచి, వెనక వరుసలో జనం ఉండగా.

బుకానన్‌కు ఆ కౌంటీలో 3,400 దాకా ఓట్లు వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద అతనికి వచ్చిన 17,484లో దాదాపు ఐదో వంతు అక్కడే. బుకానన్ ఛాందసవాది. యూదు వృద్ధులు, డెమోక్రాట్లు నిండి ఉన్న ఊళ్లవి. అవి చాలావరకు తన ఓట్లు కావని అతనే టీవీలో చెప్పాడు. అలా చెప్పిన రాజకీయ నాయకుణ్ణి మెచ్చుకోవాలి. తర్వాత రాజనీతి శాస్త్రవేత్తలు ఒక తెలివైన పని చేశారు. అదే కౌంటీలో పోస్టు ద్వారా ఓటు వేసినవాళ్లకు వెళ్లింది ఈ సీతాకోకచిలుక కాదు, మామూలు పత్రం. వాళ్లలో బుకానన్‌కు పడిన వాటా బూత్‌లలో పడిన వాటాలో నాలుగో వంతు మాత్రమే. గోర్‌కు వేయబోయి బుకానన్‌కు వేసినవాళ్లు రెండు వేలకు పైనే అని వాళ్లు తేల్చారు. అది కాక, పొరపాటు తెలిసి దిద్దుకుందామని రెండో చిల్లు పొడిచినవాళ్లున్నారు. రెండు చోట్ల పొడిచినందుకు అక్కడ చెల్లకుండా పోయిన కార్డులు 19 వేలకు పైగా. వాటిలో గోర్‌కూ బుకానన్‌కూ కలిపి పొడిచినవే ఐదు వేల పైచిలుకు. ఆఖరికి రాష్ట్రంలో తేలిన తేడా 537. లెపోర్ ముసలివాళ్ల కళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన మార్పే గోర్ కొంప ముంచిందంటే అందులో కుట్ర లేదు. నా మటుకు నాకు కుట్ర లేకపోవడమే ఎక్కువ భయం కలిగిస్తుంది. కుట్ర అయితే చేసినవాణ్ణి పట్టుకోవచ్చు.

జాక్సన్‌విల్ ఉన్న డూవాల్ కౌంటీలో ఇంకో వింత. అక్కడ అధ్యక్ష అభ్యర్థుల పేర్లు ఒక పేజీలో మొదలై రెండో పేజీలోకి పారాయి. ఓటర్లకు ముందుగా అందిన నమూనా పత్రమేమో ప్రతి పేజీలోనూ ఓటు వేయమంది. చెప్పినట్టే చేసినవాళ్ల ఓటు చెల్లలేదు. అలా పోయినవి ఇరవై వేల పైమాటే. ఎక్కువగా నల్లజాతి పేటల్లో పోయాయి, ఆ ఏడు మొదటిసారి ఓటు వేయడానికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నచోట.

ఇక గాడ్స్‌డెన్, లియోన్ కౌంటీల సంగతి. నన్నడిగితే ఫ్లోరిడా కథ మొత్తం ఈ రెండు పక్కపక్క కౌంటీల్లో ఉంది. రాష్ట్రంలో నల్లజాతివాళ్లు సగానికి పైగా ఉన్న కౌంటీ గాడ్స్‌డెన్ ఒక్కటే. పేద కౌంటీ. లియోన్‌లో రాజధాని టాలహాసీ ఉంది. రెండు చోట్లా కాగితం మీద గుర్తు పెట్టి, స్కానర్‌తో చదివించే పద్ధతే. లియోన్‌లో స్కానర్ బూత్‌లోనే ఉంటుంది. ఓటరు రెండు చోట్ల గుర్తు పెడితే యంత్రం కాగితాన్ని వెనక్కి ఉమ్మేస్తుంది. సిబ్బంది కొత్త కాగితం ఇస్తారు. గాడ్స్‌డెన్‌లో కాగితాలన్నీ ఒక చోటికి తీసుకెళ్లి రాత్రి అక్కడ చదివిస్తారు. తప్పు బయటపడేసరికి ఓటరు ఇంట్లో నిద్రపోతుంటాడు. లియోన్‌లో చెల్లని ఓట్లు ఒక శాతం కూడా లేవు. గాడ్స్‌డెన్‌లో 12 శాతం దాకా పోయాయి. చదువు తక్కువ, జాగ్రత్త తక్కువ అని ఎవరైనా ఓటరు మీద నెపం పెడితే ఈ రెండు అంకెలూ వాళ్ల ముందు పెట్టండి. తప్పు చేసే హక్కు ఇద్దరికీ ఉంది. దిద్దుకునే అవకాశం మాత్రం డబ్బున్న కౌంటీకే దక్కింది. రాష్ట్రం మొత్తం మీద నల్లజాతి ఓటర్ల పత్రాలు తిరస్కారానికి గురయ్యే అవకాశం మిగతావారి కన్నా దాదాపు పది రెట్లని పౌరహక్కుల కమిషన్ 2001లో ఇచ్చిన నివేదిక లెక్కగట్టింది. బూత్ దాకా రానివ్వని వ్యవహారం ఇంకొకటుంది. నేరశిక్ష పడినవాళ్ల పేర్లు తొలగించడానికి రాష్ట్రం ఒక ప్రైవేటు సంస్థ చేత జాబితా తయారు చేయించింది. పేర్లు కాస్త అటూ ఇటూ కలిసినా చాలు, సంబంధం లేని మనుషులు అందులోకి ఎక్కారు. కొన్ని కౌంటీల పర్యవేక్షకులు ఆ జాబితా చూసి పక్కన పడేశారు, కొన్ని కౌంటీలు యథాతథంగా అమలు చేశాయి.

మొత్తం మీద ఆ ఎన్నికలో యంత్రాలు లెక్కకు పనికిరావని పక్కన పెట్టిన పత్రాలు లక్షా డెబ్భై ఐదు వేలు. 537 తేడా. ఇక మిగిలిన కథ అంతా ఈ లక్షా డెబ్భై ఐదు వేలను మనుషులు కళ్లతో చూడాలా వద్దా, చూస్తే ఎవరు చూడాలి, ఎప్పటిలోగా చూడాలి అన్నదే.

గోర్ నాలుగు కౌంటీల్లో చేతి లెక్క అడిగాడు. పామ్ బీచ్, బ్రోవార్డ్, మయామి-డేడ్, వోలూసియా. నాలుగూ డెమోక్రాట్లకు మొగ్గున్నవే. ప్రతి ఓటూ లెక్కించాలని ఊరూరా చెబుతూ తన ఓట్లున్న చోట మాత్రమే లెక్కించమనడం. దీని సంగతి తర్వాత మళ్లీ ఎత్తుతాను. బ్రోవార్డ్‌లో రాబర్ట్ రోజెన్‌బర్గ్ అనే న్యాయమూర్తి కార్డును పైకెత్తి, భూతద్దం పెట్టి, కళ్లు చిట్లించి చూస్తున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. నవ్వుకున్నాం. కానీ ఆయన చేస్తున్నది మాస్టారు చేసే పనే. ముక్క ఒక మూల వేలాడుతుంటే ఓటా? రెండు మూలలైతే? ముక్క కదల్లేదు గానీ పుల్ల గుచ్చిన గుంట కనపడుతోంది, అది ఓటా? ఓటరు ఉద్దేశం స్పష్టంగా తెలియాలని మాత్రమే చట్టం చెప్పింది. గుంట ఉద్దేశమా కాదా అన్నది చెప్పలేదు. బ్రోవార్డ్ గుంటల్ని ఉదారంగా ఒప్పుకుంది. పామ్ బీచ్ బోర్డు లెక్క నడుస్తుండగానే కొలమానం మార్చుకుంటూ పోయింది. ఒక కౌంటీలో ఓటైనది పక్క కౌంటీలో చెత్త. ఈ ఒక్క లోపమే చివరికి అమెరికా సుప్రీంకోర్టుకు ఆయుధమైంది.

ఇక పర్యవేక్షణ. రాష్ట్రమంతటికీ ఫలితం ధ్రువీకరించాల్సిన అధికారి రాష్ట్ర కార్యదర్శి కాథరిన్ హారిస్. ఆవిడే ఫ్లోరిడాలో బుష్ ప్రచార సంఘానికి సహాధ్యక్షురాలు. ఇది చెప్పగానే మన సభల్లో అయ్యో అంటారు. అటువైపు కూడా చెప్పాలి. రాష్ట్ర అటార్నీ జనరల్ బాబ్ బటర్‌వర్త్ గోర్ ప్రచారానికి రాష్ట్ర బాధ్యుడు. ఇద్దరూ ఎన్నికై వచ్చినవాళ్లు, ఇద్దరూ ఎన్నికలకు సంబంధించిన చట్టం ఏమంటుందో అభిప్రాయాలు రాసి ఇచ్చారు, రెండు అభిప్రాయాలూ పొసగలేదు. జెబ్ బుష్ మాత్రం ధ్రువీకరణ సంఘంలోంచి తప్పుకున్నాడు.

కౌంటీలు నవంబరు 14 సాయంత్రం 5 గంటలలోగా లెక్కలు పంపాలని చట్టం. హారిస్ దాన్ని గట్టిగా పట్టుకుంది. నవంబరు 21న ఫ్లోరిడా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా గడువు పొడిగించింది. ఆ తీర్పులో ఒక వాక్యం చూడండి. ఎన్నికల కార్యాలయం ఆదివారం తెరిచి ఉంటే నవంబరు 26 ఆదివారం సాయంత్రం 5 గంటలు, లేకుంటే మర్నాడు సోమవారం ఉదయం 9 గంటలు. హారిస్ ఆదివారం ఆఫీసు తెరిచింది. మన దగ్గర ఆదివారం తాలూకాఫీసు తెరిచి ఉందంటే జనం ఆశ్చర్యంతో వచ్చి చూస్తారు. అక్కడ తెరిచింది పని చేయడానికి కాదు, గడియారం ఆపడానికి. పామ్ బీచ్ వాళ్లు నడుమ థాంక్స్‌గివింగ్ పండగ రోజు లెక్కింపు ఆపి ఇళ్లకు వెళ్లారు. ఆదివారం మధ్యాహ్నానికి ఇంకా పని మిగిలిందని, సోమవారం ఉదయం దాకా ఆగమని అడిగారు. హారిస్ కుదరదంది. వాళ్లు రెండు గంటలు ఆలస్యంగా ముగించారు. వాళ్లు అన్ని రోజులూ చేసిన చేతి లెక్క కట్టగట్టి పక్కన పడేసి, హారిస్ యంత్రం లెక్కనే తీసుకుంది. మయామి-డేడ్‌లోనైతే లెక్కే మధ్యలో ఆగిపోయింది. కోట్లూ టైలూ వేసుకున్న రిపబ్లికన్ కార్యకర్తలు కౌంటింగ్ గది బయట కేకలు వేసి, తలుపులు బాదారు. అదే రోజు బోర్డు లెక్కింపు మానేసింది. యంత్రం ఓటు చూపించని పదివేల పైచిలుకు కార్డులు అక్కడ చూడకుండానే మిగిలాయి. ఆ ఆదివారం సాయంత్రమే హారిస్ ధ్రువీకరించింది. బుష్ 29,12,790. గోర్ 29,12,253.

కోర్టు వ్యవహారం వేగంగా చెబుతాను, న్యాయవాదులు క్షమించాలి. టాలహాసీలో జడ్జి సాండర్స్ సాల్స్ ముందు గోర్ దావా వేశాడు. పామ్ బీచ్ నుంచి ఓటు పత్రాల పెట్టెలు అద్దె లారీలో రాజధానికి బయల్దేరాయి. పైన టీవీ వాళ్ల హెలికాప్టర్లు వెంటపడ్డాయి. లారీ వచ్చింది, పెట్టెలు కోర్టు అధీనంలోకి చేరాయి, జడ్జి ఒక్క పత్రమైనా చూడకుండా దావా కొట్టేశాడు. డిసెంబరు 8న రాష్ట్ర సుప్రీంకోర్టు 4–3తో దాన్ని తిరగదోడింది. యంత్రం ఓటు లేదన్న కార్డులన్నిటినీ రాష్ట్రమంతటా చేత్తో లెక్కించమంది. మర్నాడు శనివారం లెక్కింపు మొదలైంది. టాలహాసీలో పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని న్యాయమూర్తులు మయామి కార్డులు చూస్తున్నారు. మధ్యాహ్నం వాషింగ్టన్‌లోని అమెరికా సుప్రీంకోర్టు నుంచి స్టే వచ్చింది, 5–4. డిసెంబరు 12 రాత్రి పదింటికి తీర్పు. ఏ కౌంటీకా కౌంటీ కొలమానం పెట్టుకోవడం సమానత్వానికి విరుద్ధమని ఏడుగురు అన్నారు. కొత్త కొలమానం పెట్టి లెక్కించడానికి ఇక వ్యవధి లేదని ఐదుగురు అన్నారు. రాష్ట్రాలు తమ ఎలక్టర్లను వివాదం లేకుండా తేల్చుకోవాల్సిన గడువు ఆ రాత్రితోనే ముగుస్తోంది. ఆ గడువు దగ్గరపడడానికి ఒక కారణం మూడు రోజుల ముందు తామే ఇచ్చిన స్టే. అంతేకాదు, తమ తీర్పు ఈ ఒక్క కేసుకే పరిమితమన్న అర్థం వచ్చేలా రాశారు. తర్వాతి వాళ్లకు దారి చూపడమే పై కోర్టు పని అని మనం చదువుకున్నాం. దారి చూపి, ఇటు ఎవరూ రావద్దని బోర్డు కూడా పెట్టారు. ఆ తగువులో బుష్ పక్షాన పనిచేసిన న్యాయవాదుల్లో రాబర్ట్స్, కవనా, బారెట్ తర్వాత కాలంలో అదే కోర్టులో న్యాయమూర్తులయ్యారు. తీర్పు వచ్చిన మర్నాడు గోర్ ఓటమి ఒప్పుకున్నాడు. 2001 జనవరి 6న ఎలక్టోరల్ ఓట్లు లెక్కించే ఉభయ సభల సమావేశానికి ఉపాధ్యక్షుడి హోదాలో అధ్యక్షత వహించిందీ అతనే. నల్లజాతి సభ్యులు ఒకరి తర్వాత ఒకరు లేచి అభ్యంతరం చెబితే, సెనేటర్ సంతకం లేదని వాళ్ల నోరు మూయించాల్సి వచ్చిందీ అతనికే.

అసలు ఎవరు గెలిచారు? దీనికో జవాబు ఉంది. పెద్ద పత్రికలు, వార్తాసంస్థలు కలిసి షికాగో విశ్వవిద్యాలయంలోని పరిశోధన కేంద్రం చేత 1,75,010 తిరస్కృత పత్రాలనూ ఒక్కొక్కటిగా పరిశీలింపజేశాయి. 2001 నవంబరులో ఫలితం వచ్చింది. గోర్ అడిగిన నాలుగు కౌంటీల లెక్క పూర్తయినా బుష్‌దే గెలుపు. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆదేశించినట్టు ఓటు కనపడని కార్డులు మాత్రమే లెక్కించినా చాలా కొలమానాల్లో బుష్‌దే. రెండు గుర్తులున్న పత్రాలతో సహా రాష్ట్రమంతా, అన్ని కౌంటీల్లో లెక్కిస్తే గోర్ కొద్ది ఓట్ల తేడాతో ముందుండేవాడు. రెండు గుర్తులుంటే ఉద్దేశం ఎలా తెలుస్తుందంటారా? గోర్ పేరు దగ్గర గుర్తు పెట్టి, కింద ఖాళీ గీత మీద మళ్లీ గోర్ అని పేరు రాసిన వాళ్లున్నారు. యంత్రానికి అవి రెండు ఓట్లు. చూసినవాడికి ఒకే మాట రెండుసార్లు. అలాంటివి చూడమని గోర్ లాయర్లు అడగలేదు. ప్రతి ఓటూ అని ప్లకార్డుల మీద రాయించి, చేతి లెక్క మాత్రం నాలుగు కౌంటీల్లోనే అడిగారు. ఆ ప్లకార్డు మీది మాటనే అతను నమ్మి ఉంటే గెలిచి ఉండేవాడేమో. ఇంతకన్నా చేదైన వాక్యం నాకు ఎన్నికల చరిత్రలో కనపడలేదు.

మన సంగతేమిటని మీరు అడుగుతారు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణగారు 9 ఓట్లతో గెలిచారు. కాగితం బ్యాలెట్ రోజులు. లక్షల ఓట్లు లెక్కించినచోట తొమ్మిది. అక్కడా కాటా కట్టెలదే. తేడా ఏమిటంటే, కాటా పట్టుకున్నవాడు పోటీదారు ప్రచార సంఘంలో సభ్యుడు కాడు. రిటర్నింగ్ అధికారి తప్పు చేయడని కాదు, చేస్తే ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషన్‌లో తేల్చుకోవాలి. మధ్యలో కోర్టులు చేయి పెట్టకుండా రాజ్యాంగం 329వ అధికరణంలో కంచె వేసింది. ఓటింగ్ యంత్రానికి మన హైదరాబాద్ ఈసీఐఎల్‌తో సంబంధం ఉంది. 1970ల చివర అక్కడ రూపుదిద్దుకుని, 1982లో కేరళలోని పరవూరులో మొదటిసారి వాడిన యంత్రం అది. ఒక మీట నొక్కాక మరో మీట నొక్కినా ఓటు పడదు. డూవాల్‌లో, పామ్ బీచ్‌లో పోయిన ఓట్లలో ఎక్కువ భాగం అలాంటి యంత్రం మీద పోయేవి కావు. అయితే ఆ యంత్రం ఇంకో ప్రశ్న తెచ్చింది, మీట నొక్కిన ఓటుకు చేత్తో పట్టి చూడగల సాక్ష్యం ఏది అని. 2019లో చంద్రబాబునాయుడుగారు మొదటి పిటిషనరుగా ఇరవై ఒక్క పార్టీల నాయకులు వేసిన కేసులో, అసెంబ్లీ సెగ్మెంటుకు ఐదు యంత్రాల కాగితం స్లిప్పులు లెక్కించాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఐదు చాలా, అన్నీ లెక్కించాలా అన్న వాదం ఆ తర్వాత కూడా ఆగలేదు. ఫ్లోరిడా వాళ్లు ఆ ప్రశ్నను ఇంకా కటువుగా ఎదుర్కొన్నారు.

2000 అవమానం తర్వాత అమెరికా కాంగ్రెస్ 2002లో చట్టం చేసి, పంచ్ కార్డులు మార్చుకోవడానికి రాష్ట్రాలకు డబ్బిచ్చింది. ఫ్లోరిడాలో పెద్ద కౌంటీలు కొన్ని తాకితే పనిచేసే తెరలు కొన్నాయి. కాగితం లేదు, వేలాడే ముక్కలు లేవు, భూతద్దాలు లేవు. ఇంతలో కాథరిన్ హారిస్ ప్రతినిధుల సభకు ఎన్నికైంది. 2006లో సెనేట్‌కు పోటీ చేయడానికి ఆ స్థానం వదులుకుంది. ఖాళీ అయిన ఆవిడ సీటుకు జరిగిన ఎన్నికలో సరసోటా కౌంటీలో 18 వేల మంది మిగతా పదవులకు ఓటు వేసి, ఆ ఒక్క పదవికి మాత్రం వేయనట్టు యంత్రాలు చూపించాయి. తేడా 369. ఈసారి పైకెత్తి చూడడానికి కార్డు కూడా లేదు. తెర మీద ఆ పోటీని గవర్నరు పోటీకి పైన కనపడీ కనపడనట్టు పెట్టడమే కారణమని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఆ తర్వాత గవర్నరు చార్లీ క్రిస్ట్ హయాంలో ఫ్లోరిడా తెరలు వదిలి కాగితానికి, స్కానర్‌కు వచ్చింది. 2000లో లియోన్ కౌంటీ చేసిన పద్ధతికి. తేడా పావు శాతం కన్నా తక్కువైతే చెల్లని పత్రాలను రాష్ట్రమంతటా చేత్తో చూడాలని, ఏ గుర్తును ఓటుగా తీసుకోవాలో బొమ్మలు గీసి మరీ నిబంధనలు రాశారు.

2018లో అదే రాష్ట్రంలో సెనేట్ ఎన్నిక. రిక్ స్కాట్ బిల్ నెల్సన్ మీద 10,033 ఓట్ల తేడాతో గెలిచాడు. బ్రోవార్డ్ కౌంటీలో గవర్నరుకు ఓటు వేసి సెనేటర్‌కు వేయనివాళ్లు పాతిక వేల దాకా తేలారు. ఆ కౌంటీ బ్యాలెట్‌లో మొదటి నిలువు వరుసంతా సూచనలు అచ్చువేసి, వాటి అడుగున, కాగితం ఎడమ మూలన సెనేట్ పోటీని పెట్టారు. సూచనలు చదవకుండా రెండో వరుసకు దూకినవాళ్లకు అది కనపడనే లేదు. యంత్రాల మీద మళ్లీ లెక్కించాలన్నారు. బ్రోవార్డ్ సిబ్బంది లెక్క పూర్తిచేసి రాష్ట్ర కార్యాలయానికి పంపారు. గడువు మధ్యాహ్నం 3 గంటలు. వాళ్ల లెక్క రెండు నిమిషాలు ఆలస్యంగా చేరిందని, పాత లెక్కనే ఉంచారు.